నీళ్లు తాగినా తలనొప్పి ఎందుకు?

నమస్కారమండి. హనుమకొండ నుంచి రామప్పకు తీరికగా సైకిలుపై వెళ్తూ, దారిలో 4 లీటర్ల నీళ్లు తాగినా ములుగు దాటేసరికి తలనొప్పి, వికారం మొదలయ్యాయని రాశారు. ఆరిన చొక్కా వీపున కనిపించిన తెల్లటి చారలు చెమటతో పోయిన ఉప్పువే. దాన్ని భర్తీ చేయకుండా ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం తగ్గి ఈ లక్షణాలే రావచ్చు కనుక, ఇంకా నీళ్లు తాగడం పరిష్కారం కాదు, ప్రమాదం కూడా. ఎండదెబ్బకూ ఇవే లక్షణాలు కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరండి. ఒక సీసాలో మంచినీళ్లు, మరొక లీటరు సీసాలో పెద్ద ఓఆర్ఎస్ ప్యాకెట్ పూర్తిగా కలిపి పెట్టుకొని, దాహాన్ని బట్టి గుక్కెడు చొప్పున తాగండి. ఆత్మకూరులో ఆగినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ నాకైతే బాగా పనిచేస్తుంది. రక్తపోటు ఉంటే ముందుగా వైద్యుణ్ణి అడగండి. వాంతులు, తికమక కనిపిస్తే మాత్రం సైకిలు అక్కడే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.