కంటి డాక్టర్ల లెక్క రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. కష్టపడ్డావు, తెలుస్తోంది. కానీ మొదటి పేరాలోనే దేశంలో ఉన్న కంటి డాక్టర్ల సంఖ్యతో జనాభాని భాగించేసి, ఇన్ని వేల మందికి ఒకరు అని రాసి ముందుకెళ్లిపోయావు. అక్కడే ఆగాలయ్యా. ఆ ఒక్కరు ఏ ఊళ్లో కూర్చున్నారో చెప్పకపోతే చదివేవాడికి ఏం తెలుస్తుంది?

మా అమ్మకి కంట్లో పొర వచ్చిన ఏడాది, దగ్గర్లోని టౌన్‌కి డాక్టరు వారానికి ఒక్కరోజే వచ్చేవారు. మేం వెళ్లిన రెండుసార్లూ ఆయన రాలేదు. పొద్దున్న మొదటి బస్సెక్కి, మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చుని తిరిగొచ్చాం, మూడోసారి రమ్మంటే అమ్మ "వయసైంది కదా నాయనా, ఇంతేలే" అనేసింది. ఆర్నెల్లపాటు పొయ్యి దగ్గర చేత్తో తడుముకుంటూ వంట చేసింది. రికార్డుల్లో చూస్తే ఆ టౌన్‌కి కంటి డాక్టరు ఉన్నట్టే లెక్క.

ప్రపంచం లెక్క చూడు. 2015 నాటికి 194 దేశాల్లో కలిపి దాదాపు 2.3 లక్షల మంది కంటి డాక్టర్లున్నారు, పది లక్షల జనాభాకి సగటున 32 మంది. ధనిక దేశాల్లో అది 76, బాగా పేద దేశాల్లో నలుగురు కూడా లేరు. 32 అని రాసి ఊరుకుంటే ఈ తేడా ఎవరికి కనపడుతుంది? మన దేశం లోపలా అంతే. హైదరాబాద్‌లో ఒకే రోడ్డు మీద మూడు నాలుగు కంటి ఆస్పత్రుల బోర్డులు కనిపిస్తాయి, ఆసిఫాబాద్ వైపు గూడెంలో ముసలమ్మకి కంటి ఆపరేషన్ అంటే బస్సులు మారడం, తోడొచ్చే మనిషి కూలి పోవడం.

ఇంకోటి, కంటి డాక్టర్లందరూ ఆపరేషన్లు చేయరు. కొందరు కంటి వెనక ఉండే రెటీనా ఒక్కటే చూస్తారు, కొందరు ఓపీతో సరిపెట్టుకుంటారు. 2015-19 జాతీయ సర్వేలో, 50 ఏళ్లు దాటి చూపు పోయినవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి కారణం శుక్లాలే, మా అమ్మ కంట్లో పొర అన్నామే, అదే. అంటే నువ్వు అడగాల్సింది, ఈ జిల్లాలో శుక్లం ఆపరేషన్ చేసేవాళ్లు ఎందరు, వాళ్ల చేతిలో పనిచేసే మైక్రోస్కోపు ఉందా అని.

"డాక్టర్లు పల్లెలకి వెళ్లడం లేదు" అని కోపంగా రాశావు. ఒకప్పుడు నేనూ అలాగే రాశాను, ఇప్పుడైతే రాయను. శుక్లాన్ని ముక్కలు చేసి తీసే ఫేకో మెషీన్, అది ఆగిపోతే వచ్చి బాగుచేసే మనిషి, థియేటర్ శుభ్రం చూసే నర్సు, ఇవేవీ లేని చోట సర్జన్‌ని కూర్చోబెడితే కొన్నాళ్లకి ఆయన చేతి అలవాటే పోతుంది. పిల్లల చదువు సంగతి సరేసరి.

నీ వ్యాసంలో డాక్టరు కాని వాళ్ల ఊసే లేదు, నాకు అన్నిటికంటే వెలితిగా అనిపించింది అదే. 1996-2000 మధ్య ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రివాళ్లు హైదరాబాద్‌లోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లోనూ పదివేల మందికి పైగా పరీక్ష చేస్తే, చూపు లేనివాళ్లలో దాదాపు ఆరో వంతు మందికి సరైన కళ్లజోడు లేకపోవడమే కారణమని తేలింది. కళ్లజోడు రాయడానికి సర్జన్ ఎందుకు? అందుకే వాళ్లు పల్లెల పిల్లలకే ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లని చేశారు, యాభై వేల జనాభాకి ఒక కంటి పరీక్షల సెంటర్ అన్న లెక్కన పెట్టుకుంటూ వెళ్లారు. 1976లో పదకొండు మంచాలతో మొదలైన మదురై అరవింద్ ఆస్పత్రి కూడా ఊళ్ల ఆడపిల్లలకి పరీక్షల పని నేర్పి, సర్జన్ సమయాన్ని ఆపరేషన్లకి మిగిల్చింది. 2018లో తెలంగాణలో ఊరూరా కంటి పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం కంటి వెలుగు మొదలైనప్పుడు కోటిన్నర మంది పరీక్ష చేయించుకున్నారంటే, పరీక్ష ఊళ్లోకి వస్తే జనం రాకుండా ఉండరని అర్థమవుతోంది కదా. వీళ్లందరినీ కలిపితేనే కంటి వైద్యం చేసే మనుషుల లెక్క.

కాబట్టి ఈ డ్రాఫ్టుని కాసేపు పక్కన పెట్టు. నీ జిల్లా మ్యాపు ఒకటి తీసుకుని, ఆపరేషన్ జరిగే ఊళ్లకి ఒక చుక్క, కళ్లజోడు రాసే మనిషి ఉన్న ఊళ్లకి ఇంకో రంగు చుక్క పెట్టు. తర్వాత జిల్లా ఆస్పత్రి కంటి ఓపీ దగ్గర ఒక పూట కూర్చో. ఏ ఊరి నుంచి వచ్చారు, ఎన్నింటికి బయల్దేరారు, ఎవరు తోడొచ్చారు, ఇంతకుముందు ఎన్నిసార్లు వెనక్కి వెళ్లారు, అడుగు. ఆడవాళ్లని తప్పకుండా అడుగు, తోడు దొరక్క ఆగిపోయేది ఎక్కువ వాళ్లే. చెప్పింది చెప్పినట్టు వాళ్ల మాటల్లోనే రాసుకో, "పొర" అంటే "పొర" అనే.

సోమవారం జనం ఎక్కువుంటారు, ఎనిమిదికల్లా అక్కడుండు.

ప్రేమతో,
అన్న