అక్క చేతి బ్యాండు, సద్దుల బతుకమ్మ రాత్రి

"ఫిట్‌బిట్ లాంటి ఫిట్‌నెస్ బ్యాండ్ల కంపెనీలు పెద్ద టెక్ కంపెనీల చేతికి వెళ్లాక ఎందుకు చతికిలపడ్డాయి? ఇప్పుడు అలాంటిది కొనొచ్చా?" అని అడిగారు. బ్యాటరీ, సెన్సార్, యాప్ అంటూ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మా అక్క సంగతి చెప్తాను. ఆ కంపెనీలు ఎక్కడ దెబ్బతిన్నాయో నాకు అర్థమైంది ఆమె దగ్గరే.

మాది నల్లగొండ. సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. అక్కను మిర్యాలగూడకు ఇచ్చారు. బావ రైసుమిల్లులో లెక్కలు రాస్తారు. ఐదారేళ్ల కింద అక్కకు షుగర్ బయటపడింది. మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్టులో (హెచ్‌బీఏ1సీ) 9 దాటింది. మందులతో పాటు రోజూ నడవమని డాక్టర్ చెప్పాడు. అక్క మాత్రం "పొద్దుగాల లేస్తే ఇంట్లనే తిరుగుడు, మళ్లా నడకేంది?" అంటుంది. ఈ మాట మీ ఇంట్లో అమ్మో అత్తో కూడా అనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంటి చాకిరీ చేసిన మనిషికి "నువ్వు సరిగ్గా కదలడం లేదు" అని చెప్పడం ఎంత కష్టమో చెప్పినవాళ్లకే తెలుసు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అమ్మాయి మొదటి బోనస్‌తో మూడు బ్యాండ్లు కొన్నది. తనకొకటి, నాకొకటి, అత్తకొకటి. ఏ కంపెనీవో రాయను, ఒక్క కంపెనీని పట్టుకుని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఫిట్‌బిట్ అయితే కాదు. అక్క దాన్ని ఎడమచేతికి ఎర్ర మట్టిగాజుల మధ్య పెట్టుకుంది. రెండోరోజే ఫోన్ చేసి, "తమ్మీ, మెట్లెక్కితే లెక్కలేదు, చపాతి పిండి పిసికితే మూడు వందలు పడ్డయి" అన్నది. ఆ చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లెక్కుతుంది కాబట్టి చెయ్యి కదలదు. బ్యాండు లోపల ఉండేది కదలికను పసిగట్టే చిన్న చిప్పు. చెయ్యి లయగా ఊగితే అడుగు అనుకుంటుంది, ఊగకపోతే లేదనుకుంటుంది. ఇంజనీర్లు దాన్ని చేతులూపుకుంటూ నడిచేవాళ్లను చూసి తయారు చేశారు, చీర కట్టుకున్న మనిషిని చూసి కాదు. ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే అక్క రెండు రోజుల్లో కనిపెట్టి కుడిచేతికి మార్చుకుంది.

అయినా నెల తిరిగేసరికి పక్కన పడేసేదే. పడేయకుండా ఆపింది యాప్‌లో ఉన్న ఒక చిన్న ఆట. నలుగురైదుగురు ఒక గ్రూపుగా చేరితే ఎవరు ఎన్ని అడుగులు వేశారో అందరికీ కనబడుతుంది. రోజు పోటీ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు. నేను, అక్క, మా అమ్మాయి, డల్లాస్‌లో ఉండే మేనల్లుడు, వాడి భార్య చేరాం. అంతకుముందు వాడు వారానికోసారి వీడియో కాల్ చేసి "ఏం తిన్నవే అమ్మా" అని అడిగి పెట్టేసేవాడు. ఆట మొదలయ్యాక రోజుకు నాలుగు మెసేజ్‌లు. "అమ్మా, నిన్ను దాటిన చూస్కో" అని వాడు పెడితే, అక్క గిన్నెలు తోమడం ఆపి డాబా ఎక్కేది.

ఇక సద్దుల బతుకమ్మ రాత్రి గురించి చెప్పాలి. ఆ ఏడు అక్క తల్లిగారింటికి, అంటే మా ఇంటికి వచ్చింది. పొద్దున్నే గునుగు పూలకు రంగులద్ది, తంగేడు పేర్చి, నడుమెత్తు బతుకమ్మను చేసింది. సాయంత్రం కాలనీ ఆడవాళ్లంతా ఒక్కచోట చేరారు. నేను అరుగు మీద కూర్చుని ఫోన్‌లో చూస్తున్నాను. అక్క సంఖ్య రేసుగుర్రంలా పోతోంది. పది నిమిషాల్లో రెండు వేలు పెరిగింది. నాకు అనుమానం వచ్చింది. పాటకు చప్పట్లు కొట్టినప్పుడల్లా దాన్ని కూడా అడుగు కిందే లెక్కేస్తోంది బ్యాండు. ఒక పాట అయిపోయి ఇంకో పాట ఎత్తుకునేలోపు పక్కకు పిలిచి చెప్పాను.

అక్క ఒక్క క్షణం ఆగింది. గాజులు పైకి తోసి బ్యాండు విప్పింది. నడుము దగ్గర కుచ్చిళ్లు దోపిన చోట దాని పట్టీని పెట్టి, జాకెట్‌కున్న పిన్నీసు తీసి గుచ్చుకుంది. "నాకు చప్పట్ల అడుగులొద్దు తమ్మీ. పిలగాడు నిజంగ నడుస్తుండు గదా" అని మళ్లీ వలయంలోకి పోయింది. అక్కడి నుంచి సంఖ్య నెమ్మదించింది. కానీ పెరిగిన ప్రతి అడుగూ అడుగే.

తొమ్మిది గంటలకు 13,800. మనకు రాత్రి తొమ్మిదైతే డల్లాస్‌లో పొద్దున పదిన్నర. వాడి రోజు అప్పుడే మొదలవుతోంది. పానగల్ ఉదయ సముద్రం కట్ట మీదికి బతుకమ్మలు ఎత్తుకుని నడిచారు. నీళ్లలో వదిలి, సత్తుపిండి పంచుకుని ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. 18,900. అందరూ పడుకున్నారు. అక్క మాత్రం వాకిట్లో తులసికోట చుట్టూ తిరుగుతూనే ఉంది, లోగొంతుతో ఉయ్యాలో అనుకుంటూ. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా 20,000 దాటింది. బ్యాండు నడుము దగ్గర గుర్రుమని కదిలితే ఉలిక్కిపడి నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నేళ్లయిందో!

మేనల్లుడు ఆ రోజు ఆఫీసు అయ్యాక పరుగెత్తి కూడా 17,000 దగ్గర ఆగిపోయాడు. గెలిచింది అక్కే. తర్వాతి టెస్టులో మూడు నెలల షుగర్ 7.4కు దిగింది. మందులు వేసుకుంటూనే ఉంది, తిండి కూడా కొంచెం మార్చుకుంది, నిజమే. అయినా ఆ దిగిన షుగర్‌లో పెద్ద వాటా ఆ ఆటదేనని నేను ఎవరితోనైనా వాదిస్తాను.

తర్వాత ఆ కంపెనీ చేతులు మారింది. కొన్ని నెలలకు యాప్ అప్‌డేట్ అయ్యింది, గ్రూపు పేజీ మాయమైంది. కొత్త అకౌంట్ అడిగింది, కొత్త పాస్‌వర్డ్ అడిగింది. అక్క ఫోన్‌కు ఓటీపీ వచ్చేలోపు టైమ్ అయిపోయేది. మా అమ్మాయి సెలవు పెట్టుకుని వచ్చి అంతా సరిచేసింది కానీ ఆట మాత్రం తిరిగి రాలేదు. అడుగులు కనిపిస్తాయి, గుండె వేగం కనిపిస్తుంది, నిద్రకు మార్కులు కూడా వేస్తుంది. పక్కన మనుషులే లేరు. "ఇగ ఎవరితోటి నడవాలె తమ్మీ?" అన్నది అక్క. రెండు నెలల తర్వాత మిర్యాలగూడ వెళ్తే, సూదీ దారం పెట్టుకునే బిస్కెట్ డబ్బాలో బ్యాండు కనబడింది. పిన్నీసు గుచ్చిన రంధ్రం పట్టీకి అలాగే ఉంది.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఫిట్‌బిట్‌ను 2007లో జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. 2015 జూన్‌లో షేర్ మార్కెట్‌కు వచ్చినప్పుడు షేరు ధర 20 డాలర్లు. 2019 నవంబర్‌లో గూగుల్ కొంటానని ప్రకటించినప్పుడు ఒక్కో షేరుకు ఇస్తానన్నది 7.35 డాలర్లు. మొత్తం 210 కోట్ల డాలర్ల బేరం. లెక్కల టీచరుగా చెప్తున్నాను, షేరుకు ఇచ్చింది మొదటి ధరలో మూడోవంతుకు కాస్త పైన. అంటే అమ్ముడుపోవడానికి ముందే బలం తగ్గింది. పైనుంచి యాపిల్ వాచ్, కింది నుంచి చవక బ్యాండ్లు రెండు వైపులా నొక్కేశాయి. కాబట్టి కొన్నవాళ్లే చంపేశారనడం సగం నిజం. కానీ మిగిలిన ప్రాణం ఎలా పోయిందో చూడండి.

2021 జనవరిలో కొనుగోలు పూర్తయింది. జనం ఆరోగ్య సమాచారాన్ని పదేళ్ల పాటు ప్రకటనలకు వాడకూడదని యూరప్ షరతు పెట్టింది, చాలా మంచి పని. జనాన్ని కలిపి ఉంచినవాటిని తీసేయకూడదని మాత్రం ఎవరూ షరతు పెట్టలేదు. 2023 మార్చి 27న ఫిట్‌బిట్ యాప్‌లోంచి ఛాలెంజ్‌లు, అడ్వెంచర్లు (మా ఆట లాంటి అడుగుల పోటీలే), ఎవరైనా చేరగలిగే ఓపెన్ గ్రూపులు తీసేశారు. తక్కువమంది వాడుతున్నారని చెప్పారు. తక్కువమందే కావచ్చు, కానీ ఆ తక్కువమందిలో ఒక్కొక్కరి వెనకా ఒక కుటుంబం ఉంటుంది. 2024 జనవరిలో స్థాపించిన ఇద్దరూ వెళ్లిపోయారు. అదే ఏడాది జులైలో కంప్యూటర్‌లో లెక్కలు చూసుకునే వెబ్ డ్యాష్‌బోర్డ్‌నూ మూసేశారు. ఆపాటికి గూగుల్ దృష్టంతా సొంత పిక్సెల్ వాచ్ మీదే ఉంది.

ఇదొక్కటే కాదు. బేసిస్ అనే బ్యాండ్ల కంపెనీని ఇంటెల్ 2014లో కొన్నది. వాచీలు వేడెక్కుతున్నాయని 2016లో అన్నీ వెనక్కి పిలిచి, ఆ డిసెంబర్ 31తో సేవలే ఆపేసింది. పెబుల్ అనే ముచ్చటైన వాచీని 2016 చివర్లో మింగింది ఫిట్‌బిట్టే. పెబుల్ సర్వర్లు 2018లో ఆగిపోతే, దాన్ని ప్రేమించినవాళ్లే రెబుల్ అనే పేరుతో సొంతంగా నడిపించారు. నోకియా 2016లో విథింగ్స్ అనే ఇలాంటి వాచీల కంపెనీని కొని, 2018లో దాని స్థాపకుల్లో ఒకరికే తిరిగి అమ్మేసింది. ఆ కంపెనీ ఇప్పటికీ పని చేస్తోంది. ఎవరికీ అమ్ముడుపోని గార్మిన్ అనే వాచీల కంపెనీ కూడా నిలబడే ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటే కనబడుతుంది.

మా దిక్కు ఊరి చెరువులో చేపలకు వేలం పాడతారు. వేలం పాడినాయనకు చేపలు కావాలి, అది తప్పు కాదు. కానీ వెనకట చెరువుకు నీరటి ఉండేవాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసి తూము తెరిచేది, మూసేది ఆయనే. ఆయన వల్ల ఒక్క చేప కూడా ఎక్కువ రాదు. అందుకని ఆయన్ను అక్కర్లేదనుకుంటే చేపలు ఉంటాయి, నీళ్లు కూడా ఉంటాయి, చివరి మడి ఎండిపోతుంది. ఆ యాప్‌లో మా గ్రూపు పేజీ నీరటి లాంటిది. దాంతో రూపాయి రాదు. కొత్త యజమానికి కావాల్సింది అకౌంట్లు, సబ్‌స్క్రిప్షన్లు, తన సొంత వాచీ అమ్మకాలు. రూపాయి రానిదాన్నే మొదట కోస్తారు. జనం మాత్రం వాచీని దాని కోసమే కట్టుకున్నారు.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. ప్రతి బ్యాండుకూ ఒక్కో రకం ఛార్జర్ ఎందుకు? నా బ్యాండు క్లిప్పు పోతే నల్లగొండ గడియారం సెంటర్ చుట్టూ ఉన్న మొబైల్ షాపులన్నీ తిరిగాను, ఎక్కడా దొరకలేదు. బాగున్న వస్తువు ఒక్క క్లిప్పు లేక చెత్తయింది. ఇక మా ఊళ్లో నడవడానికి చోటు ఎక్కడిది? ఫుట్‌పాత్ ఉన్నచోట బండ్లు పెట్టేస్తారు, లేనిచోట కుక్కలు. ఎండాకాలం పొద్దున ఏడు దాటితే మా నల్లగొండలో బయట కాలు పెట్టలేం. ఇన్ని అడ్డంకులు దాటి ఒక మనిషి నడుస్తోందంటే, ఆమెను నడిపించేదాన్ని ఎంత భద్రంగా చూసుకోవాలి?

కొనొచ్చా అంటే, కొనండి. కానీ మూడు సంగతులు ముందే అడిగి తెలుసుకోండి. ఇంటర్నెట్ లేకపోయినా, అకౌంట్ లేకపోయినా అడుగులు ఆ తెర మీద కనబడతాయా? మీ పాత లెక్కలన్నీ ఫైలుగా దించుకోవచ్చా? ఛార్జర్ విడిగా దొరుకుతుందా? మరీ చవకవాటితో జాగ్రత్త. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన వాచీ, గుంతల రోడ్డు మీద బండి నడిపినా అడుగులు లెక్కేసింది.

అక్క సంగతి అంటారా, బ్యాండు ఇంకా ఆ డబ్బాలోనే ఉంది. పోయిన సంక్రాంతి నుంచి ఫోన్‌ను చిన్న గుడ్డసంచిలో వేసి నడుముకు కట్టుకుని నడుస్తోంది. దాన్ని తనే కుట్టుకుంది. రాత్రి తొమ్మిదింటికి మేనల్లుడు ఫోన్ చేసి "ఎన్నమ్మా?" అంటాడు. అక్క ఆ అంకెను వంటింట్లో వేలాడే క్యాలెండర్ మీద, ఆ తేదీ గడిలో పెన్నుతో రాస్తుంది. కింద బ్రాకెట్లో వాడిది, నాది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. మంగళవారం గడిలో 8,240, వాడు 6,900, నేను 5,100.