తోడేలు కండలో సీసియం కొలిచే చదువు ఉందా?

ఒంగోలు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం సారాంశం ఇది. వారి అమ్మాయి జువాలజీ మేజర్‌గా, కెమిస్ట్రీ మైనర్‌గా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఉక్రెయిన్‌లో అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ ప్రాంతపు తోడేళ్ల గురించి చదివినప్పటి నుంచి, రేడియోధార్మికత చేరిన అడవి జంతువుల మీద పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. అలాంటి చదువు ఉందా, ఉద్యోగం వస్తుందా, ఆరోగ్యానికి ముప్పు లేదా అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, ఉంది. దాన్ని రేడియోఎకాలజీ అంటారు. అయితే తోడేలు పేరు విని ఈ రంగంలోకి వచ్చేవారు ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. తోడేలు ఒంట్లో ఎంత సీసియం (అణు ప్రమాదాల్లో వెలువడే రేడియోధార్మిక పదార్థం) ఉందన్నది అది తినే జంతువును బట్టి, ఆ జంతువు మేసే మేతను బట్టి ఉంటుంది కనుక, ఈ చదువులో అసలు పని నాచులాంటి లైకెన్లు, పుట్టగొడుగులు, మట్టి దగ్గర మొదలవుతుంది.

1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ రియాక్టర్ పేలింది. రెండు రోజులకే స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ అణువిద్యుత్ కేంద్రంలో పరికరాలు ఆ కాలుష్యాన్ని పట్టుకున్నాయి. అప్పుడే వాన కురవడంతో అక్కడి యెవ్లె పట్టణ పరిసరాల్లో సీసియం-137 ఎక్కువగా నేలకు దిగింది. పొలాల్లో అయితే బంకమట్టి దాన్ని గట్టిగా పట్టుకుని వేళ్లకు అందకుండా చేస్తుంది. అడవి నేల పైపొరలో కుళ్లిన ఆకులే తప్ప బంకమట్టి పెద్దగా ఉండదు. సీసియం గుణంలో పొటాషియానికి దగ్గరిది కాబట్టి మొక్కలు, శిలీంధ్రాలు దాన్ని పీల్చుకుంటాయి, ఆకు రాలగానే అది మళ్లీ నేలకు చేరుతుంది, మళ్లీ పైకి వస్తుంది. సగం తరగడానికే దానికి ముప్పై ఏళ్లు పడుతుంది.

లైకెన్లకు వేళ్లుండవు. వానలో, గాలిలో వచ్చినదాన్ని నేరుగా ఒంట పట్టించుకుంటాయి. శీతాకాలంలో వాటినే మేసే రెయిన్‌డీర్ అనే మంచుప్రాంతపు జింక కండలో సీసియం పెరుగుతుంది, ఆ రెయిన్‌డీర్‌ను తినే లింక్స్ అనే పెద్ద అడవిపిల్లి కండలో ఇంకా పెరుగుతుంది. జర్మనీలోని బవేరియా అడవిపందులది మరో కథ. అవి నేలను తవ్వి, లోపల పెరిగే ఒక రకం శిలీంధ్రాలను తింటాయి. సీసియం మెల్లగా కిందికి దిగుతూ ఆ లోతుకు చేరుతూనే ఉండడం వల్ల, జింకల మాంసంలో తగ్గినంతగా పందుల మాంసంలో తగ్గలేదు. ఆ పందుల్లోని సీసియంలో కొంత వాటా చెర్నోబిల్‌ది కాదనీ, అంతకు ముందు దశాబ్దాల అణ్వాయుధ పరీక్షలదనీ వియన్నా, హానోవర్ శాస్త్రవేత్తలు 2023లో చూపించారు. ఒక్క జంతువు మేతను ఓపికగా పరిశీలిస్తే ఎంత చరిత్ర బయటపడుతుందో చూడండి. మీ అమ్మాయికి ఇలాంటి ప్రశ్నల మీద ఆసక్తి కలిగితే, ఈ రంగం ఆమెదే.

రోజువారీ పని ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. కండ ముక్కనో పుట్టగొడుగునో ఓవెన్‌లో ఎండబెట్టి, పొడి చేసి, తూచి, ప్లాస్టిక్ డబ్బాలో నింపి, గామా కిరణాలను కొలిచే జెర్మేనియం డిటెక్టర్ మీద గంటల తరబడి ఉంచుతారు. తెర మీద 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర లేచే శిఖరమే సీసియం ఆనవాలు. తోడేలు మలాన్ని జల్లెడలో కడిగి, మిగిలిన వెంట్రుకలను, ఎముక ముక్కలను బట్టి అది ఏం తిన్నదో గుర్తించడమూ ఇందులో భాగమే. తోడేలును కళ్లారా చూసే రోజులు తక్కువగానే ఉంటాయి.

ఆరోగ్యం గురించి మీ భయం సహజమే. ఐరోపా సంఘం ఆహారానికి పెట్టిన పరిమితి కిలోకు 600 బెకరెల్‌లు (రేడియోధార్మికతకు కొలమానం), జపాన్‌లో 2012 నుంచి 100. పొటాషియం-40 వల్ల పెద్ద మనిషి ఒంట్లో సహజంగానే నాలుగు వేల బెకరెల్‌ల దాకా ఉంటాయి. కాబట్టి అలాంటి నమూనాను చేతి తొడుగులతో, నియమాల ప్రకారం పట్టుకోవడం ప్రమాదకరం కాదు. డిటెక్టర్ చుట్టూ కట్టే సీసపు గోడ కూడా ప్రధానంగా బయటి కిరణాలు లోపలికి రాకుండా ఆపడానికే. చెర్నోబిల్ నిషేధిత ప్రాంతంలో క్షేత్రపరిశోధన మాత్రం వేరే విషయం. అది అనుమతితో, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే డోసిమీటర్‌తో, అనుభవజ్ఞుల వెంటే చేయాలి.

చదువు విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. కెమిస్ట్రీని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలవద్దు, గణాంకశాస్త్రం అదనంగా నేర్పించండి. డిగ్రీ తర్వాత పర్యావరణ శాస్త్రంలోగాని జువాలజీలోగాని ఎమ్మెస్సీ చేస్తూ, ప్రాజెక్టు మాత్రం గామా స్పెక్ట్రోమీటర్ (పైన చెప్పిన డిటెక్టర్‌తో పనిచేసే పరికరం) ఉన్న చోటే చేయాలి. మంగళూరు విశ్వవిద్యాలయంలో పర్యావరణ రేడియోధార్మికత పరిశోధనకే ఒక కేంద్రం ఉంది. విదేశాల్లో అయితే నార్వేలోని ఓస్ అనే పట్టణంలో ఉన్న జీవశాస్త్రాల విశ్వవిద్యాలయం రేడియోఎకాలజీలో మాస్టర్స్ నడుపుతూ వచ్చింది. ఆ దేశంలో ఐరోపా బయటి విద్యార్థులకు 2023 నుంచి ఫీజు పెట్టారు కనుక, ఖర్చుతో పాటు, మన మూడేళ్ల డిగ్రీని ఆమోదిస్తారో లేదో కూడా ముందే వారికి రాసి తెలుసుకోండి.

ఉద్యోగం మాటకొస్తే, తోడేళ్ల సీసియం కోసమే మన దేశంలో పోస్టులు ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. ఇదే నైపుణ్యం పనికొచ్చే చోట్లు మాత్రం ఉన్నాయి. అణువిద్యుత్ కేంద్రాల దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నడిపే పర్యావరణ సర్వే ప్రయోగశాలలు పాలు, చేపలు, ఆకుకూరలు, మట్టి నమూనాలను ఏడాది పొడవునా పరీక్షిస్తాయి. మన కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం వైపు యురేనియం అన్వేషణ మాట రాగానే పెద్ద వ్యతిరేకత వచ్చి, 2019లో తెలంగాణ శాసనసభ తీర్మానం కూడా చేసింది. ఈ చోట్ల కొలవవలసినవి సీసియం కాదు, యురేనియం, రేడియం. మన అడవుల్లో ఈ కొలతలు నిష్పక్షపాతంగా చేయగలిగే యువ శాస్త్రవేత్తలు ఇంకా చాలామంది రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను.

ఈ వేసవి సెలవుల్లో అమ్మాయిని ఏదైనా విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో నెల రోజుల ఇంటర్న్‌షిప్‌కు పంపండి. రోజంతా నమూనాలు తూచి, నింపి, అంకెలు రాసుకున్నాక కూడా ఆమెకు ఆసక్తి నిలిచి ఉంటే, ఎమ్మెస్సీ దరఖాస్తుల సంగతి అప్పుడు మళ్లీ రాయండి.