జపాన్ లెస్ పాల్ నకళ్లు: పేరు చూసి కాదు, అంకె చూసి కొనండి

అమెరికా కంపెనీ గిబ్సన్ వారి లెస్ పాల్ ఎలక్ట్రిక్ గిటార్ కొనే స్తోమత లేదు, జపాన్‌లో పాత టోకాయ్, గ్రెకో, బర్నీ గిటార్లు అంతకన్నా చాలా తక్కువ ధరకు కనిపిస్తున్నాయి, అవి నిజంగా అసలుకు దీటైనవేనా అని అడిగారు. చెక్కపని విషయంలో వాటికి వచ్చిన పేరు న్యాయమైనదే. ధ్వని విషయంలో సగం నిజం, మిగతా సగం మీరు సోల్డరింగ్ ఐరన్ చేతపట్టి సాధించుకోవలసింది. అయితే ‘జపాన్‌లో తయారైంది’ అన్న ఒక్క మాటకు మురిసిపోయి డబ్బు కట్టకండి. ఒకే పేరు మీద ప్లైవుడ్ బొమ్మలూ వచ్చాయి, వేదిక మీద నిశ్చింతగా వాయించదగిన గిటార్లూ వచ్చాయి.

నేను కొన్నేళ్లు నగోయాలో ఉద్యోగం చేశాను. సెలవు దొరికితే పాత సామాన్ల దుకాణాల్లో గిటార్లు తిరగేయడం, టోక్యో వెళ్తే గిటార్ దుకాణాలుండే ఒచనొమిజు వీధిలో కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరగడం నాకు పరిపాటి. ఇప్పుడు హైదరాబాదులో నా దగ్గర ఒక టోకాయ్ ఎల్ఎస్-80, ఫెండర్ జపాన్ వారి ఎస్‌టీ62 (స్ట్రాటోకాస్టర్ రకం) ఉన్నాయి. మా మిత్రుడు అమెరికా నుంచి తెచ్చుకున్న గిబ్సన్ లెస్ పాల్ స్టాండర్డ్‌ను నా టోకాయ్ పక్కన పెట్టి, ఒకే ఆంప్‌లో, ఒకే మందం తీగలతో చాలాసార్లు వాయించి చూశాం. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఈ నకళ్లకు అంత పేరు ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. 1958 నుంచి 1960 దాకా గిబ్సన్ చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్‌లు అప్పట్లో పెద్దగా అమ్ముడుపోలేదు. కంపెనీ ఏకంగా ఆకారాన్నే మార్చేసింది. తరవాత రాక్ గిటారిస్టులు ఆ పాతవాటి కోసం ఎగబడటంతో 1968లో మళ్లీ తయారీ మొదలుపెట్టింది. కానీ గిబ్సన్ నార్లిన్ సంస్థ చేతికి వచ్చాక, 1970లలో బాడీని పొరలుగా అతికించడం, నెక్‌ను మూడు ముక్కలతో చేయడం మొదలైంది. మరో అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్‌దీ అదే దారి. 1965లో ప్రసార సంస్థ సీబీఎస్ దాన్ని కొన్నది. 1971 నుంచి స్ట్రాటోకాస్టర్ నెక్‌ను నాలుగు మరలకు బదులు మూడింటితో బిగించసాగారు. సరిగ్గా ఆ రోజుల్లోనే జపాన్ వాళ్లు కొత్త అమెరికన్ గిటార్లను పక్కనపెట్టి, 1950ల నాటి వాటిని ఆనవాలుగా పెట్టుకున్నారు. 1978లో టోకాయ్ తన లెస్ పాల్ నకలు తల మీద, అంటే తీగలు బిగించే చివరి భాగం మీద, ‘రీబార్న్’ (మళ్లీ పుట్టినది) అని రాయించింది. మీరు వదిలేసినదాన్ని మేం బతికించాం అని అసలు కంపెనీకి ఎత్తిపొడుపు అన్నమాట.

చేతిపనితనం కూడా గాల్లోంచి ఊడిపడలేదు. టోకాయ్ ఉన్నది హమమత్సులో. యమహా, కవాయ్ పియానోలు పుట్టిన ఊరు అది. గ్రెకో, ఐబనేజ్ గిటార్లు చేసిన ఫుజిగెన్ 1960లో మత్సుమోతోలో మొదలైంది. ఆ ఊరికి చెక్క సామాన్ల తయారీలో ఎప్పటినుంచో పేరుంది. చెక్క ఎంత ఆరాలో, జిగురు ఎంతసేపు బిగబట్టాలో తెలిసినవాళ్లు అక్కడ ముందునుంచే ఉన్నారు.

ఇక అసలు సంగతి, అంకె. ఈ గిటార్లలో చాలావాటికి మోడల్ పేరులోనే అప్పటి ధర ఉంటుంది. టోకాయ్ ఎల్ఎస్-50 అంటే 50,000 యెన్లు, ఎల్ఎస్-120 అంటే 1,20,000. గ్రెకోలో లెక్క కాస్త వేరు, ఈజీ-600 అంటే 60,000 యెన్లు. ఫెండర్ జపాన్ ఎస్‌టీ62-115 అంటే 1,15,000. ఈ అంకెను బట్టే చెక్క, పూత, పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి) మారిపోతాయి. 1982లో ఫెండర్ జపాన్ మొదలైనప్పటి, సీరియల్ నంబర్ ‘జేవీ’ అక్షరాలతో మొదలయ్యే గిటార్లనే తీసుకోండి. 115 రకానికి నైట్రోసెల్యులోజ్ లక్క పూత, అమెరికాలో చేసిన పికప్‌లు ఉంటాయి. 65 రకానికి పాలియెస్టర్ పూత, జపాన్ పికప్‌లు. రెండింటి తల మీదా ఒకే పేరు, సీరియల్‌లోనూ అవే జేవీ అక్షరాలు. అమ్మేవాడు మాత్రం ‘జేవీ’ అని మాత్రమే అరుస్తాడు. అంకె అడగండి. చెప్పలేకపోతే నెక్ విప్పి లోపలి ముద్ర ఫోటో పంపమనండి.

మరో మాట వినిపిస్తుంది చూశారా, ‘లాసూట్ గిటార్’ అని, అంటే దావాకెక్కిన గిటార్. జరిగింది ఇంతే: 1977 జూన్‌లో ఐబనేజ్ యజమాని హోషినో వారి అమెరికా శాఖ మీద గిబ్సన్ యజమాని నార్లిన్ ఫిలడెల్ఫియాలో దావా వేసింది. గొడవంతా గిటార్ తల ఆకారం గురించే. మరుసటి ఏడాది కోర్టు బయట రాజీ కుదిరింది. అప్పటికే ఐబనేజ్ ఆ ఆకారాన్ని మార్చుకుంటోంది కూడా. ఆ దావాలో టోకాయ్ లేదు, గ్రెకో లేదు, బర్నీ లేదు. పోటీ సంస్థ భయపడేంత బాగున్నాయి కాబట్టే కోర్టుకు లాగారని చెప్పేది అమ్మకందారుల కట్టుకథ. దానికి పైసా కూడా అదనంగా ఇవ్వకండి.

ఇంకో పొరపాటు నమ్మకం, ఎంత పాతదైతే అంత మంచిదని. 1970ల మొదట్లో, మధ్యలో వచ్చిన చాలా లెస్ పాల్ నకళ్లకు నెక్‌ను ఫెండర్‌లాగా మరలతో బిగించారు. అసలు లెస్ పాల్‌లో అది జిగురుతో బాడీలో కూర్చుని ఉండాలి. కొన్నింటికి పైపలక వంచిన ప్లైవుడ్, దాని కింద ఖాళీ. వేలితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. వాటికీ ఒక అందం ఉంది, చవకగా దొరికితే సరదాకు కొనుక్కోవచ్చు. మీరు కోరుకునే ధ్వని మాత్రం అందులో లేదు. 1978 తరవాతి టోకాయ్‌లు, 1979 నుంచి వచ్చిన గ్రెకో సూపర్ రియల్ వరస, ఆపైవి చూడండి.

నా ఎల్ఎస్-80ని చేతిలోకి తీసుకోగానే నాకు నచ్చింది ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) అంచులు. గిబ్సన్ పద్ధతిలో నెక్ పక్కనున్న తెల్ల పట్టీ ప్రతి ఫ్రెట్ చివరనూ చిన్న గుబ్బలా కప్పి ఉండాలి. దాన్ని చేత్తో చెక్కాలి, ఓపిక పట్టే పని. ఇందులో అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి, ఎక్కడా గీరుకోదు. మా మిత్రుడి గిబ్సన్‌లో అక్కడక్కడ ఆ గుబ్బకూ ఫ్రెట్‌కూ మధ్య సన్నని సందు ఉంది, పైతీగ అందులో ఇరుక్కుంటుంది. ఒక్క గిటార్‌ను చూసి కంపెనీని తూచలేం కానీ, పనితనం విషయంలో జపాన్‌ది ఏమాత్రం తీసిపోలేదని నేను చెప్పగలను. నెక్ బాడీలో కూర్చున్న చోట కాగితం దూరేంత ఖాళీ కూడా లేదు.

వెనక మూత తీస్తే మాత్రం ఆ మురిపెం కాస్త తగ్గుతుంది. అమెరికన్ గిటార్లలో 24 మిల్లీమీటర్ల పెద్ద పాట్‌లుంటాయి, అంటే వాల్యూమ్, టోన్‌లను తిప్పి మార్చే నిరోధకాలు. నా టోకాయ్‌లో 16 మిల్లీమీటర్ల చిన్నవి ఉన్నాయి, వైర్లు సన్నవి. 500 కిలో ఓమ్‌లని రాసి ఉన్న వాల్యూమ్ పాట్‌ను మీటర్‌తో కొలిస్తే 400కు దగ్గరగా చూపించింది. వినడానికి చిన్న సంగతే. కానీ హంబకర్ (లెస్ పాల్‌లో ఉండే రెండు చుట్టల పికప్) మీద ఆ పాట్ ఒక భారంలా పనిచేస్తుంది. దాని నిరోధం తగ్గేకొద్దీ ట్రెబుల్ కిందికి జారిపోతుంది. పాత జపాన్ లెస్ పాల్‌లు ‘మందంగా, మూసుకుపోయినట్టు’ పలుకుతాయని చాలామంది అంటారు కదా, నా గిటార్‌లో దానికి చాలావరకు కారణం ఇదే. పూర్తి 500 ఉన్న పెద్ద పాట్‌లు వేశాక, పికప్‌లు ముట్టుకోకుండానే, పైతీగల పలుకు విచ్చుకుంది. నెక్ వైపు పికప్‌ను తీగల నుంచి కాస్త కిందికి దించితే మిగిలిన ముద్దతనమూ పోయింది.

ఇంత చేశాక మిత్రుడి గిబ్సన్‌తో పోల్చితే, శుభ్రమైన ధ్వనిలో తేడా ఇంకా వినిపిస్తుంది. E కార్డ్ ఒక్కసారి మీటి వదిలితే గిబ్సన్‌లో ఆరు తీగలూ విడివిడిగా చెవిన పడతాయి. టోకాయ్‌లో మధ్య స్వరాలు ముందుకొచ్చి, అవన్నీ కలగలిసి ఒక్కటిగా మోగుతాయి. ఆంప్‌లో గెయిన్ పెంచాక ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పడం మా ఇద్దరివల్లా కాలేదు. స్వరం నిలిచే కాలంలో టోకాయ్‌దే ఒక పిసరు పైచేయి అనిపించింది. మీరు ఎక్కువగా డిస్టార్షన్‌తో వాయిస్తారా, ఇక గిబ్సన్ గురించి బెంగ పెట్టుకోకండి. జాజ్, బ్లూస్ లాంటివి శుభ్రంగా వాయించాలనుకుంటే పికప్‌ల జతకు కూడా కొంత డబ్బు పక్కన పెట్టుకోండి.

విడిభాగాలు కొనేటప్పుడు ఒక చికాకు ఉంది. జపాన్‌వి మెట్రిక్ కొలతలు, అమెరికావి అంగుళాలు. పాట్ కాడ మీది గాట్లు జపాన్‌లో 18, అమెరికాలో 24. అందుకే పాట్‌లు మారిస్తే పాత నాబ్‌లు ఎక్కవు, వాటినీ కొనాలి. బాడీ మీద తీగలను మోసే బ్రిడ్జ్ కూడా కాళ్ల మందం, మధ్య దూరం కొలవకుండా తెప్పించకండి.

ఇక్కడి వాతావరణం సంగతి. హమమత్సు సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఉంటుంది. హైదరాబాద్ మార్చి, ఏప్రిల్ ఎండకు ఆ చెక్క ఎండుకుపోతుంది. నా ఎస్‌టీ62 వచ్చిన మొదటి వేసవిలో ఫింగర్‌బోర్డు కుంచించుకుని ఫ్రెట్ల చివరలు బయటికి పొడుచుకొచ్చాయి, చేయి జార్చితే గీరుకునేది. సన్నని ఆకురాయితో అరగదీయించాను. టోకాయ్‌కి అంచున పట్టీ ఉండటంతో ఆ బాధ లేదు. గిటార్ రాగానే ట్రస్ రాడ్ (నెక్ వంపును సరిచేసే లోపలి లోహపు కడ్డీ) తిప్పకుండా వారం పది రోజులు పెట్టెలో అలాగే ఉంచి, చెక్క కుదుటపడ్డాకే నెక్ వంపు సరిచేసుకోండి.

ఖరీదైన పాత మోడళ్లకు ‘హకరండా’ ఫింగర్‌బోర్డు అని రాసి ఉంటే జాగ్రత్త. అది బ్రెజిల్ రోజ్‌వుడ్ అయితే 1992 నుంచి అంతర్జాతీయ నిషేధ జాబితాలో ఉంది, అనుమతి పత్రం లేకుండా సరిహద్దు దాటకూడదు. మామూలు రకాల్లో ఉండే ఇండియన్ రోజ్‌వుడ్‌కు, అంటే మన జిట్రేగికి, తయారైన వాయిద్యాల విషయంలో 2019లో సడలింపు వచ్చింది.

దుకాణం వాళ్ల ఫోటోల్లో మెరుపు చూడకండి, మూడు విషయాలు అడగండి. ఫ్రెట్లు ఎంత మిగిలాయి, ట్రస్ రాడ్ రెండు వైపులా తిరుగుతోందా, తల విరిగి అతికించిందా. లెస్ పాల్ తల వెనక్కి వంగి ఉంటుంది కాబట్టి కింద పడితే విరిగేది అక్కడే. ఫ్రెట్లన్నీ మార్పించాల్సి వస్తే ఆదా చేసిన డబ్బులో పెద్ద భాగం దానికే పోతుంది.

మీ స్థానంలో నేనుంటే 80 లేదా ఆపై అంకె టోకాయ్ కోసం చూస్తాను. అది దొరక్కపోతే 1988లో మొదలైన ‘ఆర్విల్ బై గిబ్సన్’ చూస్తాను. జపాన్‌లోనే తయారైనా వాటిలో గిబ్సన్ పికప్‌లే ఉంటాయి, ఆ ఖర్చు తప్పుతుంది. ‘బై గిబ్సన్’ లేకుండా వట్టి ‘ఆర్విల్’ అని ఉన్నది దిగువ రకం, ధర కూడా దాన్ని బట్టే ఇవ్వండి. అదే పెట్టెలో ఆంప్ కూడా తెప్పించే ఆలోచన ఉంటే మానుకోండి, అక్కడివి 100 వోల్టులవి. పికప్‌లు మార్చితే పాతవాటిని, తీసిన మరలతో సహా కవర్లో వేసి దాచండి. తిరిగి అమ్మేటప్పుడు జపాన్ గిటార్లు కొనేవాళ్లు మొదట అడిగేది అవే.