మాట బెంగాలీ అయితే మనిషి బంగ్లాదేశీయుడేనా?

ప్రశ్న: మా ఇంటి కింది వాటాను ఏడాదిగా ఐదుగురు టైల్స్ పనివాళ్లకు అద్దెకు ఇచ్చాను. పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా వాళ్లమంటున్నారు. వాళ్లు బంగ్లాదేశీయులని, వారంలో ఖాళీ చేయించకపోతే నీళ్లు ఆపేస్తామని కాలనీ సంఘం నోటీసు ఇచ్చింది. అందరికీ ఆధార్ ఉంది. అది చాలదా? నా మీద కేసు పడుతుందా?
– ఒక ఇంటి యజమాని, హైదరాబాద్

జవాబు: ఆధార్ చాలదు. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతోంది. వాళ్లకే కాదు, మీకూ నాకూ అంతే. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ చట్టబద్ధంగా ఉన్న విదేశీయుడికీ ఆధార్ ఇస్తారు. అయితే ఆధార్ చాలదు కాబట్టి వాళ్లు విదేశీయులేనని తేల్చేయడం కుదరదు. సంఘం పెద్దలు పొరపడింది ఇక్కడే.

పౌరసత్వాన్ని తేల్చేది 1955 నాటి చట్టం. 1950 జనవరి 26న గానీ ఆ తర్వాత గానీ, 1987 జులై 1కి ముందు మన దేశంలో పుట్టినవారు తల్లిదండ్రులెవరన్న దానితో దాదాపు సంబంధం లేకుండా పౌరులే. మీ అద్దెదారుల్లో నలభై దాటిన మేస్త్రీ ఉంటే, ఆయన ఇక్కడ పుట్టినట్టు చూపితే చాలు. ఆ తర్వాత 2004 డిసెంబర్ 3కి ముందు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. ఆ తేదీ నుంచి పుట్టినవారి విషయంలో రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్న షరతు కూడా చేరింది. ఒకే గదిలో ఉండే మేస్త్రీకి ఒక నిబంధన, ఇరవై ఏళ్ల హెల్పర్‌కు మరొకటి!

విదేశీయుడు కాదని రుజువు చేసుకునే భారం ఆ వ్యక్తిదే, నిజమే. కానీ చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఎవరినో పట్టుకుని నిరూపించుకోమనడం చెల్లదని, కాగితాల్లో పేర్ల అక్షరాల్లో చిన్న తేడాలు ఉన్నంత మాత్రాన విదేశీయుడైపోడని 2024 జులైలో అస్సాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండదా? ఇక యాస సంగతంటారా, మాల్దా సరిహద్దు జిల్లా. అటూ ఇటూ మాట్లాడేది బెంగాలీయే.

కాలనీ సంఘానికి పౌరసత్వం తేల్చే అధికారం లేదు. అనుమానం ఉంటే పోలీసులకు రాసి ఇవ్వవచ్చు, అంతే. వాళ్లు పౌరులైతే దేశంలో ఎక్కడైనా ఉండి పనిచేసుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది. ముంబయిలో, పుణెలో పాలమూరు కూలీలు బతికింది ఆ హక్కుతోనే. ఒకవేళ నిజంగా విదేశీయులే అయినా పంపించే పని ప్రభుత్వానిది. అరుణాచల్‌లో చక్మా శరణార్థులను వెళ్లిపొమ్మని ఒక విద్యార్థి సంఘం తాఖీదులిస్తే, 1996లో సుప్రీంకోర్టు వారి ప్రాణరక్షణ బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వం మీద పెట్టింది. ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే 21వ అధికరణం ‘పౌరుడు’ అనలేదు, ‘వ్యక్తి’ అంది.

మీ విషయానికొస్తే, అద్దెకు ఇచ్చినంత మాత్రాన నేరం కాదు. అక్రమంగా ఉన్నారని తెలిసీ దాచితే మాత్రం చిక్కు. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా చేసుకోండి. ఐదుగురి గుర్తింపు కార్డుల నకళ్లు, సొంతూరి చిరునామా, పని ఇప్పించిన కాంట్రాక్టర్ వివరాలు తీసుకుని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఓటరు కార్డు, బడి సర్టిఫికెట్, తల్లిదండ్రుల పాత భూమి కాగితాలు ఊరి నుంచి తెప్పించుకోమని వాళ్లకూ చెప్పండి. విడిగా ఏదీ బ్రహ్మాస్త్రం కాకపోయినా కలిపి చూపితే బలం.

ఖాళీ చేయించాలని మీకే అనిపించినా, రాతపూర్వక ఒప్పందం లేని నెలవారీ అద్దెకు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. సంఘానికి మాత్రం రేపే రెండు ముక్కల్లో జవాబు రాయండి: ‘మీ దగ్గరున్న ఆధారాలేమిటో పోలీసులకు ఇవ్వండి. నీళ్లు ఆపితే ఫిర్యాదు చేస్తాను.’ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.