భాష, దూరం అడ్డు తొలగితే కడపలో కూర్చొని అమెరికా పని చేయొచ్చా?

చేయొచ్చు. కాకపోతే గడియారం అడ్డు అలాగే ఉంటుంది. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటల మీటింగ్ మనకు ఎండాకాలంలో సాయంత్రం 6:30కి, చలికాలంలో 7:30కి వస్తుంది.

2017లో గూగుల్ తెలుగు అనువాదానికి న్యూరల్ పద్ధతి (ముక్కలుగా కాక వాక్యం మొత్తాన్ని చూసి అనువదించేది) తెచ్చాక క్లయింటు మెయిల్ అర్థం చేసుకోవడం తేలికైంది. మన సీమ మాట మాత్రం మెషిన్‌కు ఇంకా కష్టమే: "యాడికి పోతాండావు?" అంటే ఎక్కడికి అనా, అనంతపురం జిల్లాలోని యాడికి అనే ఊరు అనా?

అసలు మార్పు రేట్లలో వస్తుంది. కడపలో లోగోలు గీసే పిల్లోడికి బెర్లిన్ క్లయింటు దొరుకుతాడు, నిజమే. అదే క్లయింటు మనీలా, నైరోబి వాళ్లకూ దొరుకుతాడు. ఎవరైనా చేయగల పనికి రేటు పడిపోతుంది. క్లయింటు వ్యాపారం తెలిసి, చెప్పిన రోజుకు పని ఇచ్చేవాడితో బేరం తక్కువ.