టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్తున్న అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి,

మీ పెద్దమ్మ దీవించి వ్రాయునది. వచ్చే సోమవారం నుంచి విజయవాడలో, సత్యనారాయణపురం దగ్గర బడిలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతిలో నీ టీచింగ్ ప్రాక్టీసు మొదలవుతుందనీ, చార్టులూ ఫ్లాష్ కార్డులూ తయారు చేసుకుంటూ రాత్రిళ్లు నిద్ర మానుకుంటున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లల తరగతుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనదాన్ని కనుక నాలుగు మాటలు రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే పెద్దమ్మా" అని ఊరుకుంటావు.

ముందుగా ఆ చార్టులు ఒక వారం పాటు బీరువాలోనే ఉండనీ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నీ గదిలో ఉండే ఎనిమిది మందిలోనే వాటిలో మూడు నాలుగు కనిపించవచ్చు. అయితే సదరం సర్టిఫికెట్టులో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య ధ్రువపత్రంలో) వైకల్యం శాతం ఉంటుందే తప్ప, ఆ పిల్లవాడు దాహం వేస్తే ఎలా అడుగుతాడో, ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడో, ఎవరి పక్కన కూర్చుంటే స్థిమితంగా ఉంటాడో రాసి ఉండదు. అది నువ్వు కూర్చుని చూసి రాసుకోవాల్సిందే.

నా తరగతిలో ఒక బాబు రోజూ పదకొండున్నర ప్రాంతంలో కేకలు వేసి చేయి కొరుక్కునేవాడు. మొండితనమని కొందరు, ఆకలని కొందరు అన్నారు. నేను అయిదు రోజులు ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి, కేకకు ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, తరువాత మేమేం చేశాం అని రాసుకుంటూ పోతే, అయిదు రోజులూ మొదటి గడిలో ఒకటే మాట తేలింది: వంటగదిలో కుక్కరు విజిలు. వాడు కేక వేయగానే మేము వరండాలోకి తీసుకుపోయేవాళ్లం కనుక, కేక వేస్తే ఆ శబ్దం తప్పుతుందని మేమే వాడికి నేర్పాం. విజిలు రాకముందే వాడిని వెనక గదిలోకి మార్చి, చెవులు చూపించి అడగడం నేర్పేసరికి మూడు వారాలు పట్టింది. వినాయక చవితి రోజుల్లోనైతే, పందిళ్ల మైకులకు రాత్రి నిద్రపోని పిల్లలు మర్నాడు ఎలా ఉంటారో నీకే తెలుస్తుంది; ఆ రోజు కొత్త పాఠం పెట్టుకోకు.

ఇక నేర్పే సంగతి. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం నేర్పాలనుకో. బొత్తాం పట్టుకోవడం, కాజా వెడల్పు చేయడం, అంచు దూర్చడం, అటువైపు నుంచి లాగడం అని విడగొట్టి, మొదటి మెట్టు నుంచి కాకుండా చివరి మెట్టు నుంచి నేర్పు. మిగతాదంతా నువ్వే చేసి, సగం దూరిన బొత్తాన్ని బిడ్డ చేత బయటికి లాగించు. పని పూర్తయిన సంతోషం ప్రతిసారీ వాడిదే అవుతుంది. లాగడం వచ్చాక దూర్చడం, ఆ తరువాత వెడల్పు చేయడం. వాడి ఒంటిమీది చొక్కాకే, కింది బొత్తాంతో మొదలుపెట్టు. ఎదురుగా పలక మీద బిగించిన గుడ్డతో నేర్పితే చేతులు తిరగబడతాయి. నీ చేతిసాయం ఎంత అవసరమైందో రోజూ రాయి: తనంతట తానా, సైగతోనా, మాటతోనా, చేయి పట్టుకుంటేనా. "ఈ రోజు చేయలేదు" అన్నది కూడా రికార్డే. (పక్కవాళ్ల రికార్డు చూసి అందంగా ఎత్తిరాసే ఆచారం మా రోజుల్లోనూ ఉండేది. దాని జోలికి పోకు.)

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. శిక్షణలో ఉండగా ఒక కుర్రవాడికి అట్టముక్కలతో రూపాయి, రెండు రూపాయల బిళ్లలు చేసి నేర్పాను. నెల తిరిగేసరికి వాడు తడుముకోకుండా చెప్పేవాడు, సూపర్‌వైజరు గారు మెచ్చుకున్నారు. చివరి రోజున బడి పక్క కిరాణా కొట్టుకు తీసుకెళ్లి నిజమైన రూపాయి చేతిలో పెడితే, దాన్ని పక్కన పెట్టి నా సంచిలో అట్టముక్కల కోసం వెతికాడు. మర్నాటి నుంచి నేను ఆ బడికి వెళ్లలేదు, దిద్దుకునే వీలూ లేకపోయింది. అందుకే చెబుతున్నాను, నువ్వు అక్కడ కొద్దివారాల చుట్టానివి. నీతో మాత్రమే చేసే పని, నీ గొంతుకు మాత్రమే పలికే మాట నువ్వు వెళ్లగానే పోతాయి. మొదటి వారం నుంచే క్లాసు టీచరుగారి చేత, ఆయమ్మ చేత, సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చే తల్లి చేత కూడా అదే బొత్తాం అదే పద్ధతిలో పెట్టించు.

దీనికి వాళ్లు నీకు కలిసిరావాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రాథమిక స్థాయిలో ఇటువంటి పిల్లలు పదిమందికి ఒక ప్రత్యేక టీచరు చొప్పున ఉండాలంది. కానీ ఒకరిని బాత్‌రూముకు తీసుకెళ్లినప్పుడు మిగతా తొమ్మిది మందిని ఎవరు చూడాలన్న ప్రశ్న ఆ టీచరుగారిది, రోజుకు పదిసార్లు. కొత్తగా చదివి వచ్చావు కనుక ఆవిడ చేసేవి నీకు పాతవిగా కనిపిస్తాయి. ఎందుకలా చేస్తున్నారని అడుగు, పిల్లల ముందు మాత్రం కాదు. ఆయమ్మకైతే నీ పుస్తకాల్లో లేనివి చాలా తెలుసు.

ఫిట్స్ వచ్చే పిల్లలెవరో మొదటి రోజే కనుక్కో. ఫిట్స్ వస్తే ఒక పక్కకు ఒత్తిగిలించు, తల కింద మెత్తనిది పెట్టు, గడియారం చూడు. నోట్లో చెంచా పెట్టనివ్వకు. చేతిలో తాళాలగుత్తి పెట్టినందువల్ల ఒరిగేదేమీ లేదు. అయిదు నిమిషాలు దాటితే ఆసుపత్రికే. పిల్లల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకు. "మావాడికి మాటలు ఎప్పుడొస్తాయి" అని తల్లి అడిగితే తేదీ చెప్పకు, రావనీ చెప్పకు; ఈ వారం వాడు కొత్తగా చేసిన పని ఒకటి చూపించు.

సూపర్‌వైజరు గారు వచ్చిన రోజున పిల్లవాడు బల్ల కింద దూరి రానంటే, బయటికి లాగి పాఠం ప్రదర్శించకు. మార్కులు ఒకటి రెండు తగ్గినా పరవాలేదు.

ఆఖరి వారం గోడమీద కాగితం అంటించి, మిగిలిన రోజులు పిల్లల చేతే రోజుకొకటి కొట్టేయించు. చెప్పకుండా మాయమైపోతే, మర్నాడు గుమ్మం దగ్గర నిలబడి నీకోసం చూసే బిడ్డకు సర్దిచెప్పాల్సింది ఆయమ్మే.

వీలైతే ఈ ఆదివారం గుంటూరు రా. మీ పెదనాన్నగారి పాత చొక్కాలు నాలుగు తీసిపెట్టాను. వాటి బొత్తాలు పెద్దవి, పిల్లల చొక్కాలకు మార్చి కుట్టుకోవచ్చు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ